మోకాళ్ళు వంచాలా, వద్దా?

లోగన్, బ్రిస్బేన్ దగ్గర
11 ఫిబ్రవరి 1996

పూజ్యులైన కలోలైన్ వదినగారికి,

మీ తమ్ముడి భార్య లుసియానా నమస్కారాలు. ఇక్కడ మేము ముగ్గురం బాగానే ఉన్నాం. ఆయన మాంసం ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టుకు మారారు. మీకు ఆయన ఎందుకు రాయరో మీకు తెలిసిందే. అక్క ఉన్న గదిలో నోరు విప్పి నవ్వని మనిషి కాగితం మీద మాత్రం కబుర్లు ఏం రాస్తారు? అందుకే ఎప్పట్లాగే కలం నా చేతికొచ్చింది.

విషయం మా అమ్మాయి వికాది. మొన్ననే ఐదు నిండాయి, బడికి వెళ్తోంది. బట్టలుతికే మిషన్ గిరగిరా తిరగడం మొదలవగానే పరిగెత్తుకొచ్చి దాని ముందు చేతులూ కాళ్ళూ ఊపుతూ ఆడుతుంది. అది ఏం ఆట అని మాత్రం అడగకండి. కాసేపు మన దీవుల ఆటలా ఉంటుంది, కాసేపు కోడిపిల్లను తరిమినట్టు ఉంటుంది. పక్కింటి డొరీన్ కంచె మీంచి చూసి, "ఈ పిల్లని డాన్సు క్లాసులో వెయ్యకపోతే పాపం తగుల్తుంది నీకు" అంది. సరేనని విచారించాను. అక్కడే నాకు తల తిరగడం మొదలైంది.

మూడు క్లాసులున్నాయి వదినగారూ. మొదటిది బాలే. స్కౌట్ల హాల్లో మిసెస్ ప్రెంటిస్ అనే ఆవిడ నేర్పుతుంది. గులాబీ రంగు మేజోళ్ళు, నెత్తిన ముడి. రెండోది ట్యాప్. బూట్ల అడుగున రేకులుంటాయి, నేల మీద టకటకలాడించాలి. మూడోది మన చర్చిలో మన ఊరి సేని నేర్పేది, మన ఆట. మూడూ శనివారం పొద్దున పదింటికే. మూడూ కొత్తగా మొదలుపెట్టే పిల్లలకే. ప్రతి చోటా "ఇక్కడ వేస్తేనే పునాది గట్టిపడుతుంది" అంటున్నారు. పిల్లకి ఒకటే కదా ఒళ్ళు, ఎన్ని పునాదులు వెయ్యను?

ఆయన్నడిగితే, "నన్నడుగుతావేంటి? దానికి పేరు పెట్టింది అక్క. దాన్నేం చెయ్యాలో అక్కే చెప్తుంది. రాయి" అన్నారు. నిజమే కదా. మేనత్త మాట అయ్యాకే తల్లి మాట. మీరు ఏది అంటే అదే. జవాబు కోసం ఎదురుచూస్తుంటాను.

మీ
లుసియానా

*

నెయాఫు, వావాఉ దీవి
9 మార్చి 1996

లుసియానా పిల్లా,

నీ ఉత్తరం వచ్చిన రోజున మా ఆడవాళ్ళ గుంపంతా కూర్చుని నార గుడ్డ కోసం చెట్టు బెరడు కొడుతున్నాం. సుత్తుల మోతలో పైకి చదివి వినిపించాను. కోడిపిల్లను తరిమే ఆట దగ్గర అందరూ సుత్తులు ఆపి నవ్వారు. ఒక్కసారి మీ దొడ్లోకి వచ్చి చూడాలనిపించింది.

ఈసారి చామ బాగా పండింది. పాస్టరుగారి పంది కంచె దూకి నా దుంపలు నాలుగు వరసలు తవ్వి పారేసింది. అడిగితే "దేవుడి పని మీద ఉన్నాను, పంది సంగతి నాకెలా తెలుస్తుంది" అంటాడు ఆయన. దేవుడు పందికి కంచె కట్టవద్దన్నాడా?

అవునూ, బాలే అన్నావుగా. మన పోస్టాఫీసు గోడకు క్యాలెండరు ఉంది, అందులో ఒక అమ్మాయి ఒంటికాలి మీద నిలబడి ఉంటుంది, కొంగలాగా. ఎంత బాగుందో! స్టాంపులు కొనడానికి వెళ్ళినప్పుడల్లా చూస్తాను. వికాకు ముద్దులు.

నీ వదిన
కలోలైన్

*

లోగన్
2 ఏప్రిల్ 1996

పూజ్యులైన వదినగారికి,

మీ ఆజ్ఞ ప్రకారం వికాను బాలేలో చేర్చాము. ఉత్తరం రాగానే ఆ శనివారమే. ఆయన ఎంత సంతోషించారో! "చూశావా, అక్క ఎంత ముందుచూపుతో ఆలోచించిందో" అన్నారు.

మూడు క్లాసులయ్యాయి. మీరు అడుగుతారు కనుక ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. మన పిల్ల జుట్టు ముడిలో ఇమడదు. ఇరవై పిన్నులు పెట్టినా పదో నిమిషానికి పిన్నులు నేల మీద, జుట్టు గాలిలో. మిసెస్ ప్రెంటిస్ మంచావిడే. కానీ "మోకాళ్ళు తిన్నగా, మోకాళ్ళు తిన్నగా" అని ఒకటే పాట. పాట వినిపిస్తే మన పిల్లకు మోకాళ్ళు వాటంతటవే వంగుతాయి, తల పక్కకు వాలుతుంది. ఆవిడ వచ్చి గడ్డం పట్టుకుని తల నిటారుగా పెడుతుంది. అటు తిరగగానే మళ్ళీ వాలుతుంది. నేను కుర్చీలో కూర్చుని ఎవరిది తప్పో తెలియక ఆవిడకేసి ఒకసారి, పిల్లకేసి ఒకసారి చూస్తున్నాను.

అయినా మీరు చెప్పారు కాబట్టి మంచికే అయి ఉంటుంది.

మీ
లుసియానా

*

నెయాఫు
27 ఏప్రిల్ 1996

లుసియానా,

నేను ఆజ్ఞ ఇచ్చానా? ఎప్పుడిచ్చాను? నా ఉత్తరంలో క్యాలెండరు ఉంది, పంది ఉంది, ఆజ్ఞ ఎక్కడుంది? ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టుంది నీ వరస. పోనీలే, చేర్చావు కదా, మంచిదే.

కానీ మోకాళ్ళు తిన్నగా పెట్టడమేమిటి? అలా నిలబడితే గాలి వీస్తే పడిపోరూ? నేలను నమ్మని ఆటలా ఉంది. నాకు నవ్వొచ్చింది. మా చిన్నప్పుడు మిషనరీ భార్య ఒకావిడ హార్మోనియం వాయిస్తూ బూటుతో నేల మీద తాళం వేసేది. కీర్తన కన్నా ఆ చప్పుడు కోసమే వెళ్ళేవాళ్ళం పిల్లలం. చప్పుడంటే చాలు పిల్లలకి, పండగే.

ఇక్కడ వానలు తగ్గాయి. పాస్టరుగారి పంది ఈనింది, తొమ్మిది పిల్లలు. ఇక నా దుంపల గతి అంతే.

కలోలైన్

*

లోగన్
25 మే 1996

పూజ్యులైన వదినగారికి,

బాలే మాన్పించాం. మీరు చెప్పాక ఇంకా అక్కడ ఉంచుతామా? నేలను నమ్మని ఆట అని మీరన్న మాట ఆయన ఫ్యాక్టరీలో కూడా పదిమందికి చెప్పారు. ట్యాప్‌లో చేర్చాం. మిసెస్ ప్రెంటిస్‌కు ఏం చెప్పాలో తెలియక, "మా ఆడపడుచు వద్దన్నారు" అన్నాను. ఆవిడ "ఆమె డాన్సు టీచరా?" అంది. "అందుకు కాదు, మేనత్త" అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు.

ట్యాప్ క్లాసులో అందరూ ఏడేళ్ళ పిల్లలే. వాళ్ళు ఎడమ కాలు కొట్టే వేళకు వికా కుడి కాలు కొడుతుంది. ఇక్కడ మోకాళ్ళు కొంచెం వంచమంటారు, చేతులు కదపవద్దంటారు. కింద అంత చప్పుడవుతుంటే పైన చేతులు ఊరికే ఎలా ఉంటాయి? ఆ టీచరు పిల్లను వెనక వరసలోకి మార్చాడు.

పిల్ల బాగానే ఉంది. బాగానే తింటోంది. ఈ మధ్య నెమ్మది కూడా నేర్చుకుంది. చర్చిలో కదలకుండా కూర్చుంటోందని అందరూ మెచ్చుకుంటున్నారు.

మీ
లుసియానా

*

నెయాఫు
20 జూన్ 1996

లుసియానా,

ఈ ఉత్తరం చిన్నది. నేనేం రాసినా మీరు పిల్లను ఎత్తి ఇంకోచోట పడేస్తున్నారు కనుక ఇక క్లాసుల గురించి నోరు మెదపను. ఒట్టు. మీ ఇష్టం, పిల్ల ఇష్టం.

నవంబరులో మీ చర్చి కొత్త హాలు తెరుస్తారట కదా, నన్ను రమ్మని పిలిచారు. వస్తాను. సేని ఒకప్పుడు నా దగ్గరే నేర్చుకుంది, చూసి పదేళ్ళయింది. దాని చేతులు నీళ్ళలా కదిలేవి. దాన్నీ చూడొచ్చు, మిమ్మల్నీ చూడొచ్చు.

వికా నెమ్మది నేర్చుకోవడమేమిటి? ఐదేళ్ళకు నెమ్మదేమిటి?

కలోలైన్

*

లోగన్
4 ఆగస్టు 1996

పూజ్యులైన వదినగారికి,

ఆలస్యానికి మన్నించండి. మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను.

సేని చేతుల గురించి మీరు రాసింది చదివి మీ తమ్ముడు ఆ మర్నాడే ట్యాప్ బూట్లు డొరీన్ మనవరాలికి ఇచ్చేశారు. "అక్క నోటితో చెప్పకపోయినా మనకు తెలియొద్దూ? నవంబరులో వచ్చేది మేనకోడలి ఆట చూడ్డానికే" అన్నారు. సేని దగ్గర చేర్చాం. మీరొస్తున్నారని తెలిశాక సేనికి ఒళ్ళు తెలియడం లేదు. శనివారం ఒక్కటే కాదు, రోజూ సాయంత్రం రమ్మంటోంది. "మా గురువుగారి మేనకోడలు. పరువు పోకూడదు" అంటుంది. మోకాళ్ళు రెండూ కలిపి వంచాలి, తల వాల్చాలి, చేతులు మెత్తగా తిప్పాలి. బాలేలో కష్టపడి మానిపించినవన్నీ ఇప్పుడు కష్టపడి నేర్పిస్తున్నాం.

వదినగారూ, ఇంతవరకూ మీకు రాయనిది ఒకటుంది. రాస్తే మీ మాటను తప్పుపట్టినట్టవుతుందని భయపడ్డాను. వికా ఆడటం మానేసింది. క్లాసులో చెయ్యి ఎత్తమంటే ఎత్తుతుంది, దించమంటే దించుతుంది. ఇంట్లో మాత్రం ఆడదు. మిషన్ తిరుగుతుంటే వచ్చి చూస్తుంది, చూసి వెళ్ళిపోతుంది. మొన్న రేడియోలో మంచి పాట వచ్చింది. లేచి నిలబడింది. నాకు ప్రాణం లేచొచ్చింది. నా ముఖంలోకి చూసి, "అమ్మా, మోకాళ్ళు వంచాలా, వద్దా?" అని అడిగింది. "నీ ఇష్టం తల్లీ" అన్నాను. "కాదు, ఇది ఏ క్లాసు పాట?" అంది. నేను చెప్పేలోపు పాట అయిపోయింది. వెళ్ళి సోఫాలో కూర్చుంది.

గత వారం సేని దగ్గర నిలబడినచోటే బట్టలు తడుపుకుంది. ఏడవలేదు కూడా.

నేను ఏం తప్పు చేశానో నాకు తెలియడం లేదు. అన్నీ మీరు చెప్పినట్టే చేశాను. మీరు చెప్పలేదంటున్నారు. మరి ఎవరు చెప్పారు? నా బిడ్డ నా కళ్ళ ముందే కొయ్యబొమ్మ అవుతోంది. నాకు భయంగా ఉంది వదినా.

లుసియానా

*

నెయాఫు
29 ఆగస్టు 1996

లుసియానా తల్లీ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు పని చెయ్యలేకపోయాను.

నీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడు నాకెంత సంతోషమైందో నీకు చెప్పలేదు. ఏ ఆట బాగుంటుంది అని నన్ను ఒకరు అడిగారు కదా అని మురిసిపోయాను. నలుగురు ఆడవాళ్ళు కూర్చుని కబుర్లాడుకున్నట్టు రాశాను. కొంగ అన్నాను, బూటు అన్నాను, నోటికొచ్చింది అన్నాను. నేను మీ ఇంట్లో కబుర్లాడకూడదని మరిచిపోయాను. మేనత్త దగ్గితే కూడా ఆజ్ఞే. దగ్గు వచ్చిందని ఎవరూ అనుకోరు.

నా సంగతి విను. నాకు ఆరేళ్ళప్పుడు మా మేనత్త తాలిసా మా ఇంటికొచ్చి, పిల్లలందరినీ వరసగా నిలబెట్టి, నా భుజం మీద వేలు పెట్టి, "ఇది ఆడుతుంది" అంది. అంతే. మర్నాటి నుంచి ఆట. పొద్దున ఆట, సాయంత్రం ఆట. ఒంటికి కొబ్బరి నూనె పూసి, నడుముకు చాప చుట్టి, తలలో ఈకలు పెట్టి దొరల ముందు నిలబెట్టేవారు. నేను ఆడుతుంటే ముసలాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు. "కలోలైన్‌కి ఆటంటే ప్రాణం" అని వావాఉ అంతా చెప్పుకున్నారు. ముప్పై ఒకటో ఏట మోకాలు పట్టేసింది, ఆగిపోయింది. అమ్మ ఏడ్చింది, తమ్ముడు పెని ఏడ్చాడట. నేను ఏడవలేదు. ఎందుకు ఏడవలేదని నన్ను నేను అడుక్కోలేదు.

నాకు ఆట ఇష్టమా అని ఎవరూ అడగలేదు పిల్లా. ఇవాళ నువ్వడిగినా నాకు తెలియదు. యాభై ఏళ్ళొచ్చాయి, నిజంగా తెలియదు. పాతికేళ్ళు ఆడిన మనిషికి ఆ ముక్క తెలియకపోవడం సిగ్గుచేటు. అందుకే ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతున్నాను.

ఇప్పుడు నిజంగా ఆజ్ఞ ఇస్తున్నాను, పెనికి పైకి చదివి వినిపించు. ఈ ఉత్తరం అందిన రోజు నుంచి వికాకు ఏ క్లాసూ లేదు. సేని పరువు సేని చూసుకుంటుంది, నా పరువు నేను చూసుకుంటాను. ఏ క్లాసు కావాలో పిల్లనే అడగండి. అది ఏది అంటే అది. ఏమీ వద్దంటే ఏమీ వద్దు.

ఇది రాశాక కూడా అయోమయంగానే ఉంది. ఆజ్ఞలు వద్దని చెప్పడానికి ఆజ్ఞే ఇవ్వాల్సి వచ్చింది చూడు.

కలోలైన్

*

లోగన్
22 సెప్టెంబరు 1996

పూజ్యులైన వదినగారికి,

అలాగే చేశాం. క్లాసు మాన్పించాం. సేని నాతో మాట్లాడటం లేదు.

వికాను అడిగాం. ఆయన ఎదురుగా కూర్చోబెట్టుకుని, "నీకేం నేర్చుకోవాలనుంది?" అన్నారు. "అత్త ఏం చెప్పింది?" అంది. "అత్త నిన్నే అడగమంది" అన్నారు. పిల్ల "తెలీదు" అంది. మళ్ళీ అడిగాం, ఏడుపు ముఖం పెట్టింది. ఇక అడగలేదు.

ఇప్పుడు ఇంట్లో ముగ్గురికీ తెలియదు, మీకూ తెలియదు. ఆయన నిన్న భోజనం దగ్గర ఉన్నట్టుండి, "అక్కకి ఆటంటే ప్రాణం అనే అనుకున్నా, లూసీ. ఇన్నేళ్ళూ అందరికీ అలాగే చెప్పా" అన్నారు. కొబ్బరిపాల చామాకు కూర అలాగే వదిలేసి లేచిపోయారు.

టిక్కెట్టు వివరాలు రాయండి. విమానాశ్రయానికి వస్తాం.

లుసియానా

*

నెయాఫు
1 డిసెంబరు 1996

లుసియానా,

క్షేమంగా చేరాను. మోకాలు బూరెలా పొంగింది. పసరు కట్టు కట్టుకుని కాలు బల్ల మీద పెట్టుకుని రాస్తున్నాను.

విమానాశ్రయం దాకా కారులో ఒక్కరూ మాట్లాడలేదు. పెని సంగతి సరే, వాడు ఎప్పుడూ నా ముందు మాట్లాడడు. నువ్వు కూడా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నావు. నేను మీ పరువు తీశానేమో. నాకు తెలియడం లేదు, అందుకే రాస్తున్నాను.

మొదట అలా చేద్దామని అనుకోలేదు. హాల్లో ముందు వరసలో నన్ను పెద్ద కుర్చీలో కూర్చోబెట్టారు. వికా నా కాళ్ళ దగ్గర చాప మీద కూర్చుంది. సేని పిల్లలు పన్నెండు మంది ఆడుతున్నారు. తప్పు లేదు, వంక లేదు. నేను నేర్పిందే. నా చేతులే పన్నెండు జతలై ఎదురుగా కదులుతున్నాయి. ముందు వరసలో ఒక పిల్ల పెదవి వణుకుతోంది, చేతులు మాత్రం వణకడం లేదు. వెనకాల మామూలుగా ఇద్దరు ముగ్గురు లేచి కోతి వేషాలు వేస్తారు కదా, ముందు ఆడేవాళ్ళ అందం పెరగాలని గెంతులేస్తారు, పడతారు, లేస్తారు. అది చిన్నవాళ్ళు చేసే పని. కుర్చీలో కూర్చునే మేనత్త చెయ్యకూడదు. ఎప్పుడు లేచానో నాకే తెలియదు. చూసేసరికి పిల్లల వెనక ఉన్నాను.

ఏం చేశానో నాకు సరిగ్గా గుర్తులేదు. నడుముకు చుట్టుకున్న చాప ఊడిందని గుర్తు. హాలంతా చప్పబడిపోయిందని గుర్తు. నేను పిల్లల వీపులకేసి చూస్తున్నాను కానీ జనాన్ని చూడలేదు. అవతల ఏం జరిగింది? ఉన్నది ఉన్నట్టు రాయి, మర్యాదలు వద్దు.

ఒకటి మాత్రం తెలిసింది. ఆ పాతికేళ్ళ ఆట నాకు ఇష్టం లేదు లుసియానా. ఆ మూడు నిమిషాలు ఇష్టం.

నీ వదిన
కలోలైన్

*

లోగన్
29 డిసెంబరు 1996

వదినా,

ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మీరు లేవగానే పాస్టరుగారి భార్య నోరు తెరిచింది, ఇంకా మూసిందో లేదో తెలియదు. మొదటి గెంతుకు అందరూ మీకు మూర్ఛ వచ్చిందనుకున్నారు. రెండో గెంతుకు మీరు రెండు చేతులూ రెక్కల్లా ఊపి, పంది కంచె దూకినట్టు దూకి, ధబీమని కూలబడ్డారు. ఒక్కరు నవ్వితే ఒట్టు. ఎలా నవ్వుతారు, మీరు కదా! సేని నేలకేసి చూస్తోంది. మీ తమ్ముడు లేచి బయటికి వెళ్ళిపోయారు. అక్క అలా ఆడుతుంటే తమ్ముడు కూర్చుని చూడకూడదు కదా. నేను వెనకే వెళ్ళి చూద్దును కదా, ఆయన గోడకు ఆనుకుని పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు, కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ నీళ్ళు నవ్వువో మరొకటో నాకు తెలియలేదు, అడగలేదు. కారులో మాట్లాడకపోవడం కోపం కాదు వదినా. నోరు తెరిస్తే ఇద్దరం ఏడ్చేవాళ్ళం.

నేను లోపలికి వచ్చేసరికి హాల్లో ఒకే ఒక్క నవ్వు వినబడుతోంది. వికాది. చాప మీద పడి దొర్లి దొర్లి నవ్వుతోంది. దాని తర్వాత ముందు వరసలో ఆ పెదవి వణికిన పిల్ల నవ్వింది. అప్పుడు హాలంతా. ఇవేవీ మీ చెవిన పడలేదేమో. సేని నవ్వలేదు, ఇప్పటికీ మాట్లాడటం లేదు. చర్చిలో సగం మంది మీకు మతి పోయిందంటున్నారు, మిగతా సగం మళ్ళీ ఎప్పుడొస్తారని అడుగుతున్నారు. నేను ఏ సగంలో ఉండాలో మొదటి వారం నాకు అర్థం కాలేదు.

వికా మీరు వెళ్ళాక చాలా రోజులు ఆడలేదు. నాకు మళ్ళీ బెంగ పట్టుకుంది. నిన్న మధ్యాహ్నం నేను దుంపలు చెక్కు తీస్తుంటే వచ్చి నిలబడింది.

"అమ్మా, అత్త ఆడింది ఏ క్లాసులో నేర్చుకుంది?"

"ఏ క్లాసులోనూ కాదు. ఎవరూ నేర్పలేదు" అన్నాను.

"మరి తప్పు వస్తే ఎవరు చెప్తారు?"

"ఎవరూ చెప్పరు."

నేను కత్తి కింద పెట్టాను.

"అయితే నన్ను దాంట్లో చేర్చు" అంది.

ఇప్పుడు చెప్పండి, ఈ పిల్లను ఎక్కడ చేర్చను? వద్దు వదినా, దీనికి మాత్రం జవాబు రాయకండి.

మీ
లుసియానా